ఇల్యా మెచ్నికోవ్

ఇల్యా ఇల్యిచ్ మెచ్నికోవ్ (1845 మే 15 - 1916 జూలై 15) ప్రముఖ జంతుశాస్త్రవేత్త, రోగనిరోధక శాస్త్ర స్థాపకులలో ఒకడు. ఫ్రాన్సులో స్థిరపడిన తరువాత ఏలీ మెచ్నికోఫ్ అనే పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. శరీరంలో సంచరిస్తూ రోగక్రిములను మ్రింగి జీర్ణం చేసుకొనే భక్షక కణాలను గుర్తించి, వాటి పాత్రను వివరించినందుకు 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. జీవితపు చివరి ఇరవై ఏళ్ళు ముసలితనానికి కారణమేమిటనే ప్రశ్నపై పనిచేశాడు. వృద్ధాప్య శాస్త్రానికి జెరంటాలజీ అని పేరు పెట్టినవాడు ఇతడే. వైద్యశాస్త్రంలో ఇంత ప్రసిద్ధి పొందినప్పటికీ ఇతడు వైద్య పట్టభద్రుడు కాడు.

శరీరాన్ని కాపాడే కణాలే కొన్ని పరిస్థితులలో ఆ శరీరానికి చేటు తెస్తాయనేది మెచ్నికోవ్ పరిశోధనలన్నిటా కనిపించే ఆలోచన. ఆ ఆలోచనలో మొదటి సగాన్ని లోకం పాతికేళ్ళకు అంగీకరించింది. రెండవ సగాన్ని అతడి జీవితకాలంలో చాలామంది నమ్మలేదు. కీళ్ళవాతం, గౌటు వంటి వ్యాధుల విషయంలో ఈనాటి వైద్యులు చెప్పే వివరణలకు మూలం ఆ రెండవ సగంలోనే ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

మెచ్నికోవ్ అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కోవ్ సమీపాన ఒక గ్రామంలో జన్మించాడు. ఆ ప్రాంతం నేడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. కొన్ని గ్రంథాలలో పుట్టినరోజు మే 16 అని కనిపిస్తుంది. రష్యా పాత పంచాంగం ప్రకారం అది మే 3. తండ్రి ఇల్యా ఇవానోవిచ్ చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారి. తల్లి ఎమిలియా యూదు రచయిత నెవాఖోవిచ్ కుమార్తె. ఐదుగురు సంతానంలో ఇల్యా చివరివాడు. అన్నలలో లెవ్ మెచ్నికోవ్ భూగోళ శాస్త్రజ్ఞుడుగా, విప్లవ భావాలు గలవాడుగా పేరుపొంది కొంతకాలం జపానులో బోధించాడు. మరొక అన్న ఇవాన్ న్యాయశాఖలో ఉద్యోగి. టాల్‌స్టాయ్ రచించిన ఇవాన్ ఇల్యిచ్ మరణం అనే ప్రసిద్ధ కథకు ఈ ఇవాన్ జబ్బు, మరణమే ప్రేరణ అని చెబుతారు.

చిన్నతనం నుండే ఇల్యాకు మొక్కలన్నా, పురుగులన్నా ఎక్కడలేని ఆసక్తి. తాను చదివి తెలుసుకొన్న ప్రకృతి శాస్త్ర విషయాలను తోటి పిల్లలను కూర్చోబెట్టి పాఠంగా చెప్పేవాడు. ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలో ముగించి 1864లో, పందొమ్మిదవ ఏట, పట్టం పుచ్చుకొన్నాడు. తరువాత సముద్రజీవుల అధ్యయనానికై హెలిగోలాండ్ ద్వీపానికి, అక్కడ నుండి జర్మనీలోని గీసెన్, గోటింగెన్, మ్యూనిక్ నగరాలకు వెళ్ళాడు. గీసెన్‌లో ఉండగా ఒక చదును పురుగులో జీర్ణక్రియను గమనించాడు. ఆ జీవిలో ఆహారం కడుపులోని రసాలలో కాక, కణాల లోపలే జీర్ణమవుతున్నది. ఆనాటికి ఇది చిన్న విషయమే. పదిహేడేళ్ళ తరువాత మెస్సీనాలో ఉపయోగపడింది ఈ పరిశీలనే.

నేపుల్స్‌లో అలెగ్జాండర్ కొవలేవ్‌స్కీ అనే సహచరుడితో కలిసి సముద్రపు అకశేరుకాల పిండోత్పత్తిని అధ్యయనం చేశాడు. వెన్నెముక లేని వివిధ జీవుల పిండాలు ఒకే తీరున పొరలు పొరలుగా రూపొందడం డార్విన్ సిద్ధాంతానికి బలం చేకూర్చింది. ఈ కృషికి ఇద్దరికీ కలిపి బేర్ బహుమతి లభించింది. స్వదేశానికి తిరిగివచ్చి ఒడెస్సాలోను, తరువాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోను బోధించి, 1870లో ఒడెస్సా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

ఒడెస్సా రోజులు

1869లో లుడ్మిలా అనే యువతిని వివాహమాడాడు. అప్పటికే ఆమెకు క్షయ ముదిరి నడవలేని స్థితి. పెళ్ళినాడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకొని వెళ్ళవలసి వచ్చింది. ఆమెను బ్రతికించుకోవడానికి వెచ్చని దేశాలకు తిప్పాడు, అందుకు అయ్యే ఖర్చు కోసం అనువాదాలు చేశాడు, రాత్రింబవళ్ళు సేవ చేశాడు. 1873లో మదీరా ద్వీపంలో ఆమె మరణించింది. ఆ దుఃఖంలో మత్తుమందు మితిమీరి పుచ్చుకొని ప్రాణం తీసుకోబోయాడు. మందు మోతాదు మించడంతో వాంతి అయి బ్రతికాడు. కొద్ది రోజులకు దీపం చుట్టూ ముసురుతున్న అల్పాయువు పురుగులను చూసి, కొన్ని గంటలే బ్రతికే ఈ జీవుల విషయంలో ప్రకృతివరణం ఎలా పనిచేస్తుందా అని ఆలోచనలో పడ్డాడట. ఆ ప్రశ్నే తిరిగి పనిలోకి లాగిందని భార్య వ్రాసిన జీవితచరిత్రలో ఉంది.

1875లో ఓల్గా బెలొకొపితోవాను ద్వితీయ వివాహం చేసుకొన్నాడు. వయసులో చాలా చిన్నదైన ఓల్గా అతడి వద్ద జంతుశాస్త్రం చదువుకొంది. చిత్రకళ, శిల్పకళలలో నేర్పరి. అతడి ప్రయోగశాలలో సహాయకురాలు కూడా. 1880లో ఆమెకు టైఫాయిడ్ జ్వరం వచ్చి ప్రాణాపాయం నుండి బయటపడింది. విశ్వవిద్యాలయంలో రాజకీయ కలహాలు, తన కంటిజబ్బు, గుండె నీరసం అన్నీ కలిసి మెచ్నికోవ్‌ను మళ్ళీ కృంగదీశాయి. 1881లో తిరగబెట్టే జ్వరంతో బాధపడుతున్న రోగి రక్తాన్ని తన శరీరంలోకి ఎక్కించుకొన్నాడు. ఈ జ్వరం రక్తం ద్వారా సోకుతుందో లేదో తేల్చే ప్రయోగం అది. చనిపోయినా ఇంటివారికి అపవాదు రాదనే తలంపు కూడా అందులో ఉంది. జ్వరం తీవ్రంగా వచ్చింది, కానీ కోలుకొన్నాడు. విచిత్రమేమంటే ఆ జబ్బు నుండి లేచిన తరువాత అతడి నిరాశ తొలగిపోయింది. మళ్ళీ అటువంటి ప్రయత్నం చేయలేదు.

ఆ సంవత్సరమే జార్ రెండవ అలెగ్జాండర్ హత్య జరిగింది. తదుపరి ప్రభుత్వం విశ్వవిద్యాలయాలపై ఉక్కుపాదం మోపింది. 1882లో మెచ్నికోవ్ ఆచార్య పదవికి రాజీనామా ఇచ్చాడు. ఓల్గా తల్లిదండ్రులు గతించడంతో ఆమె తమ్ముళ్ళు, చెల్లెళ్ళ పోషణ ఈ దంపతులపై పడింది. అందరూ కలిసి సిసిలీ ద్వీపంలోని మెస్సీనా రేవుపట్టణానికి చేరుకొన్నారు.

మెస్సీనాలో గులాబీ ముల్లు

1882 చలికాలంలో ఒకనాడు ఇంట్లోని పిల్లలందరూ సర్కస్‌లో కోతుల విన్యాసాలు చూడడానికి వెళ్ళారు. మెచ్నికోవ్ ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చొని సముద్ర నక్షత్రపు డింభకాలను పరిశీలిస్తున్నాడు. ఈ డింభకాలు గాజులాగా పారదర్శకంగా ఉంటాయి. వాటి శరీరంలో అటూ ఇటూ కదలాడే కణాలను చూస్తూండగా అతడికి ఒక ఆలోచన తట్టింది. తిండిని లోపలికి తీసుకొని జీర్ణం చేసుకోగల ఈ కణాలు శరీరంలోకి చొరబడిన పరాయి వస్తువుపై కూడా అలాగే దాడి చేస్తాయా? తోటలోకి వెళ్ళి గులాబీ ముళ్ళు తెచ్చి డింభకాలలో గుచ్చాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ముల్లు చుట్టూ సంచార కణాలు గుంపుగా మూగి ఉన్నాయి.

సముద్ర నక్షత్రపు డింభకంలో రక్తనాళాలు లేవు. అయినా మనిషి వేలిలో ముల్లు దిగితే చీము పట్టేటప్పుడు జరిగే పనిలో ముఖ్యభాగం ఇక్కడా జరిగింది. కనుక కణాలు గాయం వద్ద చేరడం రక్తనాళాలు దెబ్బతిని కారిపోవడం వలన కాదని, అది జీవికోటిలో అతి ప్రాచీనమైన రక్షణ చర్య అని మెచ్నికోవ్ నిర్ణయించాడు.

ఈ కథను ఇంత రసవత్తరంగా చెప్పినది మెచ్నికోవే, అదీ చాలా ఏళ్ళ తరువాత వ్రాసుకొన్న జ్ఞాపకాలలో. కణాంతర జీర్ణక్రియపై అంతకుముందే అతడు చాలాకాలం పనిచేసి ఉన్నాడు కాబట్టి ఒక్క రాత్రిలో అంతా తట్టిందనడం కొంత అతిశయోక్తి కావచ్చు. ప్రయోగం మాత్రం నిజం, ఎవరైనా తిరిగి చేసి చూడదగినది.

అప్పుడు మెస్సీనాకు వచ్చిన జర్మన్ వ్యాధిశాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కోకు ఈ ప్రయోగం చూపించాడు. విర్కో మెచ్చుకొన్నాడు గాని, వైద్యులందరూ తెల్ల రక్తకణాలను రోగక్రిములను శరీరమంతటా మోసుకుపోయే వాహనాలుగానే భావిస్తున్నారు, జాగ్రత్తగా ముందుకు వెళ్ళమని హెచ్చరించాడు. 1883లో వియన్నాలో జంతుశాస్త్రవేత్త కార్ల్ క్లాస్ ఈ కణాలకు గ్రీకు భాష నుండి ఫాగోసైట్ అనే పేరును సూచించాడు. తెలుగులో భక్షక కణం అని వ్యవహరిస్తున్నాము. వీటిలో పెద్దవాటిని స్థూల భక్షక కణాలని, చిన్నవాటిని సూక్ష్మ భక్షక కణాలని మెచ్నికోవ్ తరువాత విభజించాడు. మొదటి పేరు ఈనాటికీ వాడుకలో ఉంది. రెండవ దానిని ఇప్పుడు న్యూట్రోఫిల్ అంటున్నారు.

ముల్లు జీవం లేని వస్తువు. నిజమైన రోగంలో ఏమి జరుగుతుందో 1884లో డాఫ్నియా అనే మంచినీటి చిరుప్రాణిలో చూపించాడు. డాఫ్నియా శరీరం కూడా పారదర్శకమే. ఒక రకమైన ఈస్టు బీజాలు సూదుల వలె దాని ప్రేగు గోడను చీల్చుకొని లోపలికి ప్రవేశిస్తాయి. వెంటనే భక్షక కణాలు వాటిని చుట్టుముడతాయి. కణాలు గెలిస్తే బీజాలు ముక్కలై కరిగిపోతాయి, డాఫ్నియా బ్రతుకుతుంది. బీజాలు మొలకెత్తి కణాల కంటే వేగంగా పెరిగితే డాఫ్నియా చనిపోతుంది. ఒక జీవి లోపల రోగానికి, శరీరానికి మధ్య జరిగే పోరును కంటితో ఆద్యంతం చూడగలగడం అదే మొదటిసారి.

శోథపై కొత్త అవగాహన

గాయమైన చోట లేదా క్రిములు చేరిన చోట ఎఱ్ఱబారడం, వేడెక్కడం, వాపు, నొప్పి కలగడాన్ని వైద్యశాస్త్రంలో శోథ అంటారు. ఈ నాలుగు లక్షణాలూ రోమనుల కాలం నుండి తెలిసినవే. కాని వైద్యులు శోథను రోగంగానే చూసేవారు. మెచ్నికోవ్ దానిని తలక్రిందులు చేశాడు. శోథ రోగం కాదనీ, రోగంపై శరీరం చేసే యుద్ధమనీ, ఆ యుద్ధంలో సైనికులు భక్షక కణాలనీ వాదించాడు. ఏకకణ జీవి నుండి మనిషి దాకా ఈ చర్య ఎలా పరిణమించిందో వివరిస్తూ 1891లో పారిస్‌లో ఉపన్యాసాలిచ్చాడు. అవి మరుసటి సంవత్సరం పుస్తకంగా వెలువడ్డాయి. ఇతడి రచనలలో ఈ పుస్తకమే అన్నిటికన్నా గట్టిదని చెప్పవచ్చు.

అదే సమయంలో, ఈ రక్షణ చర్య లోపం లేనిది కాదని కూడా అతడు గుర్తించాడు. పరిణామక్రమంలో ఏర్పడిన ఏ సాధనమూ సంపూర్ణం కాదు. సైన్యం శత్రువుతోపాటు సొంత ఊరిని కూడా ధ్వంసం చేయవచ్చు. తరువాత ముసలితనం గురించి అతడు చేసిన ఊహకు బీజం ఇక్కడే పడింది.

పారిస్ ప్రయాణం

1886లో ఒడెస్సా నగరంలో పాశ్చర్ పద్ధతిలో పిచ్చికుక్క కాటుకు టీకాలు వేయడానికి సూక్ష్మజీవశాస్త్ర కేంద్రాన్ని నెలకొల్పి, మెచ్నికోవ్‌ను దానికి అధిపతిగా నియమించారు. అతడు వైద్యుడు కాకపోవడంతో స్థానిక వైద్యులు అడుగడుగునా అడ్డుతగిలారు. అతడు ఊరిలో లేని సమయంలో దొమ్మ వ్యాధికి వేసిన టీకా వికటించి ఒక భూస్వామి గొర్రెలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. ఇక అక్కడ ఉండడం సాధ్యం కాలేదు. బెర్లిన్‌లో రాబర్ట్ కోక్‌ను కలిస్తే ఆదరణ లభించలేదు. పారిస్‌లో లూయీ పాశ్చర్ మాత్రం భక్షక కణాల సిద్ధాంతాన్ని మెచ్చుకొని, కొత్తగా కట్టిన తన సంస్థలో ప్రయోగశాల ఇచ్చాడు. 1888లో చేరిన మెచ్నికోవ్ మరణించేవరకు 28 ఏళ్ళు అక్కడే పనిచేశాడు.

ఒడెస్సాలో ఇతడి శిష్యుడైన వాల్దెమార్ హాఫ్కిన్ కూడా గురువు వెంట పాశ్చర్ సంస్థకు చేరుకొన్నాడు. 1892లో కలరా టీకాను రూపొందించి, మరుసటి సంవత్సరం భారతదేశానికి వచ్చి వేలాదిమందికి వేశాడు. 1897లో బొంబాయిలో ప్లేగు టీకాను తయారుచేసినది కూడా ఇతడే. ముంబయిలోని హాఫ్కిన్ సంస్థ ఇతడి పేరిట వెలసినది.

కణాలా, రక్తరసమా?

భక్షక కణాల సిద్ధాంతానికి జర్మనీలో గట్టి ప్రతిఘటన ఎదురయింది. 1890లో బెర్లిన్‌లో బెరింగ్, కితసాతో అనే శాస్త్రజ్ఞులు ధనుర్వాతం, కంఠసర్పి వ్యాధులకు లోనైన జంతువుల రక్తరసంలో విషాన్ని విరిచే పదార్థాలు ఉన్నాయని కనుగొన్నారు. వాటినే నేడు ప్రతిరక్షకాలు అంటున్నాము. రోగనిరోధక శక్తి అంతా రక్తరసంలోనే ఉందనీ, కణాలు యుద్ధం ముగిసిన తరువాత శవాలను ఎత్తే పాకీవాళ్ళ వంటివి మాత్రమేననీ ఆ పక్షం వాదన. 1894లో ఫైఫర్ ఇంకా పెద్ద దెబ్బ తీశాడు. టీకా వేసిన గినీపందుల పొట్ట కుహరంలోకి కలరా క్రిములను ఎక్కిస్తే అవి కణాల ప్రమేయం లేకుండానే కరిగిపోతున్నాయని నిరూపించాడు.

మెచ్నికోవ్ సభలలో ఆవేశపరుడు. జుట్టు రేగి, ముఖం ఎఱ్ఱబడి వాదించేవాడని సమకాలికులు వ్రాశారు. అయితే ప్రతి విమర్శకూ ప్రయోగంతోనే సమాధానం వెదికేవాడు. ఫైఫర్ ఫలితంపై పనిచేయమని తన ప్రయోగశాలలోని జూల్స్ బోర్డెకు అప్పగించాడు. రక్తరసంలో వేడికి చెడిపోయే ఒక పదార్థం, వేడికి తట్టుకొనే మరొక పదార్థం కలిసి క్రిములను చంపుతున్నాయని బోర్డె కనుగొన్నాడు. అది గురువు వాదానికి కాక ఎదుటిపక్షానికే బలం. దానిని అడ్డుకోకుండా ప్రచురించనివ్వడం మెచ్నికోవ్ గొప్పతనమనే చెప్పాలి. ఈ దారిలో సాగించిన కృషికి బోర్డె 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందాడు.

1903లో లండన్‌లో ఆల్మ్‌రోత్ రైట్, డగ్లస్ ఈ తగవును చాలావరకు తీర్చారు. రక్తరసంలోని కొన్ని పదార్థాలు క్రిములకు అంటుకొని వాటిని భక్షక కణాలకు రుచికరంగా మారుస్తాయని చూపించారు. అంటే రెండూ కావాలి. 1908లో నోబెల్ బహుమతిని కణాల పక్షాన మెచ్నికోవ్‌కు, రక్తరసం పక్షాన ఎర్లిక్‌కు కలిపి ఇవ్వడంలో ఆ రాజీయే కనిపిస్తుంది. ఆ డిసెంబరు నెలలోనే మెస్సీనా నగరం భూకంపంలో నేలమట్టమయింది.

అయినా ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు రోగనిరోధక శాస్త్రమంటే ప్రతిరక్షకాల రసాయన శాస్త్రమే అన్నట్లు సాగింది. భక్షక కణాలు పాఠ్యపుస్తకాలలో ఒక పేరాకు పరిమితమయ్యాయి.

ముసలితనంపై పరిశోధన

1892లో ఫ్రాన్సులో కలరా వ్యాపించినప్పుడు మెచ్నికోవ్ కలరా క్రిములను తానే త్రాగాడు. ఏమీ కాలేదు. అదే విధంగా త్రాగినవారిలో ఒకరికి మాత్రం జబ్బు తీవ్రమై చావుతప్పి బయటపడ్డాడు. ఇటువంటి ప్రయోగాలను ఈనాడు ఏ నైతిక సంఘమూ అనుమతించదు. ఒకే క్రిమి ఒకరికి హాని చేసి మరొకరిని ఎందుకు వదిలివేస్తున్నదనే ప్రశ్న అతడిని వేధించింది. ప్రేగులలో ముందునుంచే నివసించే ఇతర సూక్ష్మజీవులు కలరా క్రిమికి కొన్నిసార్లు తోడ్పడుతున్నాయని, కొన్నిసార్లు అడ్డుపడుతున్నాయని గమనించాడు. అలా అతడి దృష్టి ప్రేగులలోని సూక్ష్మజీవులపై నిలిచింది.

1903లో మానవ ప్రకృతిని గురించి, 1907లో ఆయుర్దాయాన్ని పెంచడం గురించి రెండు గ్రంథాలు వ్రాశాడు. జెరంటాలజీ అనే మాట మొదటి గ్రంథంలోనిదే. అతడి వాదం ఇది. మనుషులలో చాలామంది నిండు వయసుకు ముందే ముసలివారవుతున్నారు. ఆ ముసలితనం సహజం కాదు, ఒక దీర్ఘవ్యాధి. పెద్దప్రేగులో కుళ్ళు పుట్టించే సూక్ష్మజీవుల విషాలు రక్తంలోకి చేరి మెదడు, కాలేయం, మూత్రపిండాలు, రక్తనాళాలలోని శ్రేష్ఠమైన కణాలను బలహీనపరుస్తాయి. బలహీనపడ్డ కణాలను స్థూల భక్షక కణాలు తినివేస్తాయి. వాటి స్థానంలో నారవంటి కణజాలం పెరిగి అవయవాలు బిరుసెక్కుతాయి. జుట్టు నెరవడం కూడా భక్షక కణాలు వెంట్రుకలోని రంగును తినివేయడం వలననే అని అతడి నమ్మకం. చిన్ననాట క్రిముల నుండి కాపాడిన కణాలే పెద్ద వయసులో ఇంటిదొంగలవుతాయన్న మాట.

విరుగుడు కోసం వెదుకుతూ పులిసిన పాలపై దృష్టి సారించాడు. పాలను తోడువేసే సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఆ ఆమ్లంలో కుళ్ళు పుట్టించే క్రిములు పెరగలేవు. పెరుగు ఎక్కువగా తినే బల్గేరియా రైతులలో శతవృద్ధులు పెక్కుమంది ఉన్నారని వినికిడి. ఆ పెరుగులోని సూక్ష్మజీవిని 1905లో స్టామెన్ గ్రిగోరోవ్ అనే బల్గేరియా విద్యార్థి జెనీవాలో గుర్తించాడు. మెచ్నికోవ్ ప్రతిదినం పులిసిన పాలు త్రాగుతూ, మద్యం ముట్టక, పచ్చి ఆహారం మానివేసి, పండ్లను సైతం వేడినీటిలో కడిగి తినేవాడు. 1904లో పారిస్‌లో అతడిచ్చిన ఉపన్యాసం పత్రికలకెక్కడంతో యూరప్, అమెరికాలలో పెరుగుకు ఒక్కసారిగా గిరాకీ పుట్టింది. అతడి పేరు చెప్పుకొని మాత్రలు, పొడులు అమ్మేవారు బయలుదేరారు. పూటపూటా పెరుగన్నం తినే తెలుగువారికి ఈ సంబరం వింతగా తోచవచ్చు గాని, పశ్చిమ యూరప్ నగరాలలో అప్పటికి పెరుగు అరుదైన పదార్థం.

ఈ సిద్ధాంతానికి చేటు కలిగించే పర్యవసానం కూడా ఉంది. పెద్దప్రేగు మనిషికి అనవసరమైన అవయవమని మెచ్నికోవ్ వ్రాశాడు. లండన్‌లోని శస్త్రవైద్యుడు ఆర్బత్‌నాట్ లేన్ ఇటువంటి భావాలతోనే మలబద్ధకం ఉన్నవారికి పెద్దప్రేగును కోసి తీసివేయడం మొదలుపెట్టాడు. ఆ శస్త్రచికిత్సలలో కొందరు ప్రాణాలు కోల్పోయారు.

ఇతర పరిశోధనలు

ఎమిల్ రూతో కలిసి 1903లో సిఫిలిస్ వ్యాధిని చింపాంజీలకు సోకింపజేసి, ఆ వ్యాధిని ప్రయోగశాలలో అధ్యయనం చేయడానికి వీలు కల్పించాడు. సోకిన కొద్ది గంటలలో పాదరసపు లేపనం పూస్తే వ్యాధిని నివారించవచ్చునని కూడా ఆ ప్రయోగాలలో తేలింది. 1909లో రష్యాకు వెళ్ళినప్పుడు యాస్నయా పొల్యానాలో టాల్‌స్టాయ్‌ను కలుసుకొన్నాడు. విజ్ఞానశాస్త్రం మనిషి బాధలను తీర్చగలదని ఒకరు, తీర్చలేదని మరొకరు. ఒకరినొకరు ఒప్పించలేకపోయినా ఆ భేటీ స్నేహంగానే ముగిసింది. 1911లో వోల్గా దిగువన ఉన్న కల్మిక్ మైదానాలలో క్షయవ్యాధి వ్యాప్తిని అధ్యయనం చేశాడు.

చివరి రోజులు

1914లో మొదటి ప్రపంచయుద్ధం రావడంతో పాశ్చర్ సంస్థ ఖాళీ అయింది. యువ శాస్త్రజ్ఞులు యుద్ధానికి వెళ్ళారు. 1915లో డెబ్భయ్యవ జన్మదినం నాటికే మెచ్నికోవ్ గుండె బలహీనపడి ఉంది. తన కుటుంబంలో ఎవరూ అంత వయసు వరకు జీవించలేదనీ, తన ఆహార నియమం వృథా కాలేదనీ అతడు తృప్తిపడ్డాడు. ఆ నియమాన్ని ఏభై దాటిన తరువాత మొదలుపెట్టినందున తన విషయంలో పరీక్ష సంపూర్ణం కాదని కూడా ఒప్పుకొన్నాడు. చివరి నెలలలో సంస్థలో పాశ్చర్ నివసించిన గదులలోనే ఉండి, తన రోగలక్షణాలను తానే గమనించి చెబుతుండేవాడు. మరణానంతరం శరీరాన్ని కోసి ప్రేగులను పరీక్షించమని సహచరుడైన వైద్యుడిని కోరాడు. 1916 జూలై 15న గుండెజబ్బుతో 71వ ఏట మరణించాడు. అతడి కోరిక మేరకు చితాభస్మాన్ని పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో ఉంచారు. ఓల్గా వ్రాసిన భర్త జీవితచరిత్ర 1920లో ఫ్రెంచిలోను, మరుసటి సంవత్సరం ఆంగ్లంలోను వెలువడింది. ఆమె 1944లో మరణించింది.

తరువాతి కాలంలో

వృద్ధాప్యంపై మెచ్నికోవ్ చెప్పిన వివరాలలో చాలా భాగం నిలవలేదు. పెద్దప్రేగు అనవసరమైనది కాదు. నోటిద్వారా తీసుకొన్న బల్గేరియా సూక్ష్మజీవి ప్రేగులలో స్థిరపడదని అమెరికాలో రెట్గర్ 1920ల నాటికి చూపించాడు. జుట్టు నెరవడానికి కారణం వెంట్రుకల కుదుళ్ళలో రంగు కణాలను పుట్టించే మూలకణాలు తరిగిపోవడమని 2005లో తెలిసింది. బల్గేరియా శతవృద్ధుల లెక్కలు కూడా నమ్మదగినవి కావు.

కాని కాపాడే కణమే చేటు చేస్తుందన్న మూలభావన మరొక దారిలో తిరిగివచ్చింది. గౌటు వ్యాధిలో కీలులోని ద్రవంలో సూదుల వంటి యూరేట్ స్ఫటికాలు ఉంటాయని 1961లో మెక్‌కార్టీ, హాలండర్ సూక్ష్మదర్శినితో చూపించారు. ఆ స్ఫటికాలను మ్రింగబోయిన భక్షక కణాలే కీలును ఎఱ్ఱగా వాచేట్లు చేస్తాయి. డింభకంలో గుచ్చిన గులాబీ ముల్లు చుట్టూ జరిగినదే గౌటు రోగి కాలి బొటనవ్రేలిలో జరుగుతున్నదన్నమాట. కీళ్ళవాతంలో ముల్లూ లేదు, స్ఫటికమూ లేదు. రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ళపైనే తిరగబడుతుంది. కీలు పొరలో గుమిగూడిన స్థూల భక్షక కణాలు టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని విడుదల చేసి మృదులాస్థిని, ఎముకను కొరికివేస్తాయి. ఆ పదార్థాన్ని అడ్డుకొంటే వ్యాధి ఉపశమిస్తుందని 1990లలో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ నిరూపించారు. ఆ కోవకు చెందిన మందులు నేడు లోకమంతటా వాడుకలో ఉన్నాయి.

వయసు పైబడినవారిలో పైకి కనబడని శోథ దీర్ఘకాలం కొనసాగుతూ రక్తనాళాలను, కీళ్ళను, మెదడును దెబ్బతీస్తుందన్న సిద్ధాంతాన్ని 2000లో ఇటలీకి చెందిన క్లాడియో ఫ్రాంచెస్కీ ప్రతిపాదించాడు. ప్రేగులలోని సూక్ష్మజీవుల పాత్ర కూడా మళ్ళీ చర్చకు వచ్చింది. అయితే పెరుగు తింటే ఆయుర్దాయం పెరుగుతుందని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు.

పుట్టుకతో వచ్చే రోగనిరోధక శక్తి ఎలా మేల్కొంటుందో కనుగొన్నందుకు 2011లో బ్యూట్లర్, హాఫ్‌మన్‌లకు నోబెల్ బహుమతిలో సగభాగం లభించింది. హాఫ్‌మన్ ప్రయోగాలు పండ్ల ఈగపై జరిగినవి. అల్పజీవిలో చూసినదానితో మనిషిని అర్థం చేసుకొనే పద్ధతి మెస్సీనా నాటిదే. డాఫ్నియాలో మెచ్నికోవ్ పరిశీలించిన ఈస్టును అతడి పేరిట మెచ్నికోవియా ప్రజాతిలో చేర్చారు.